ముక్కలు కలిపే సూది

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కేసరికి
అది నా చొక్కా జేబులో ఉంది,
స్పాంజి ముక్కకి గుచ్చి, కాగితంలో చుట్టి.
బెజవాడలో కొన్నాను, సెకండ్ హ్యాండు.
"బాగానే పనిచేస్తదండి" అన్నాడు, బిల్లివ్వలేదు.
వశిష్ఠ పోటు మీదుంది.
పక్కనెవరిదో బైకు, హ్యాండిలుకి రెండు కొర్రమీనులు,
ఇంకా నోళ్ళు తెరుస్తూ.
ఒడ్డు చేరేదాకా జేబు మీంచి చెయ్యి తియ్యలేదు నేను.

నరసాపురంలో లేసు సంఘం ఆఫీసంటే ఒక గది,
సువార్త కూటాల క్యాలెండరు,
బీరువా నిండా తెల్లదారం ఉండలు.
కంప్యూటరు మీద కప్పిందీ లేసే.
మూత విప్పితే లోపల
బల్లిగుడ్ల పెంకులు రెండు, ఎర్రగా తుప్పెక్కిన మరలు.
సముద్రం ఇక్కడికి కనబడదు గాని
దాని ఉప్పు వస్తూనే ఉంటుంది.

కరుణమ్మగారు కళ్ళజోడు ముక్కు కొసకి లాక్కుంది:
"దీని బుర్ర మారుస్తావంట. మా లెక్కలు మర్చిపోదుగా?"
"లెక్కలు డిస్కులో ఉంటాయండి. ఇది ఆలోచించేది, అంతే."
"ఓహో" అంది, నమ్మకుండా.

ముందు పాతదాని చేత ఒక పని చేయించాలి.
బోర్డుకి కొత్తదాని పేరు తెలీదు.
పాతది ఆ పీట మీద కూర్చుని ఉండగానే
దానితోనే రాయించాలి, రాబోయేదాని ఆనవాళ్ళు.
ఏడు నిమిషాలు.
ఈలోగా కరెంటు పోయిందా,
పాతదీ లేదు కొత్తదీ లేదు, బోర్డు ఒట్టి రాయి.
యూపీఎస్ బ్యాటరీ పొట్ట ఉబ్బి మూడేళ్ళయింది.
నేను అంకెలు చూస్తున్నాను, ఆవిడ ఫ్యాను చూస్తోంది.
నలభై రెండు.
ఫ్యాను రెక్కలు కనబడ్డాయి.
నలభై మూడు.
రోడ్డవతల ఐసు ఫ్యాక్టరీ మోటారు గొంతు కిందికి జారి
మళ్ళీ అందుకుంది.
నూరు దాటాక గాని మంచినీళ్ళు తాగలేదు ఇద్దరం.

పేస్టు ఎండి పట్టేసింది.
లాగితే రాదు, గెల నుంచి బొండాన్ని మెలేసినట్టు
అటూ ఇటూ తిప్పుతూ తియ్యాలి.
వచ్చింది. మీట ఎత్తి పాతదాన్ని అరచేతిలో పెట్టుకుంటే
వెచ్చగా ఉందింకా.

కొత్తది మూల మీది బంగారు ముక్కోణం సరిచూసి పెట్టాను.
కూర్చోలేదు.
వెలుగులోకి తిప్పితే చివరి వరసలో మూడు కాళ్ళు
పక్కకి ఒరిగి ఉన్నాయి.
బెజవాడవాడు కాదు, బస్సూ కాదు.
పంటు మీద తియ్యని నా చెయ్యే.

పట్టకారు వణికింది.
"ఇటియ్యి."
"ముందు బీరువా ముట్టుకోండి, ఒంట్లో కరెంటు పోవాలి."
"నా ఒంట్లో ఇంకా ఉందంటావా?" నవ్వి ముట్టుకుంది.
"ఎన్ని కాళ్ళివి?"
"పదమూడు వందల ముప్పై ఒకటి."
"ఎవరు లెక్కెట్టారు?"
నా దగ్గర జవాబు లేదు.
కొక్కెం సూది తీసి, చూసి, పక్కన పెట్టేసింది.
బిస్కెట్ల డబ్బా అడుగు నుంచి తీసింది ఇంకొకటి,
పువ్వుల ముక్కలన్నీ చేర్చి గుడ్డ చేసే సన్నది.
కిటికీకి వీపు పెట్టి కూర్చుంది.
ఊపిరి బిగబట్టిందీ నేనే, చెమట పట్టిందీ నాకే.
ఆవిడ మాత్రం ఎదురింటి వాళ్ళ కొళాయి గొడవ చెబుతూ
ఒకటి లేపింది, రెండోదాన్ని లేపింది,
మూడోదాని దగ్గర మాట ఆపింది.
"ఊఁ, పెట్టు."

నొక్కలేదు. తన బరువుకి తనే దిగింది.
పెసరగింజంత పేస్టు, నాలుగు మరలు, తీగలు.
స్విచ్చి వేశాక తెర చాలాసేపు నల్లగానే ఉంది.
మూత మీద నా వేళ్ళ మసి ముద్రలు లెక్కపెట్టాను,
తొమ్మిది దాకా.
అప్పుడు వెలిగింది.

పాతది అడిగి పుచ్చుకుని బొత్తాల డబ్బాలో వేసింది.
బీరువా తాళం తీసి డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది,
యాభై తగ్గించి. "సూది కూలి" అంది.
తర్వాత అలవాటుగా ఒళ్ళోకి లేసు లాక్కుని
నెమలి డిజైను ఫైలు నొక్కింది.
సూది దారంలోకి వెళ్ళనేలేదు, నెమలి వచ్చేసింది.
"ఇది తెరుచుకునేలోగా
ఒక వరస అయిపోయేదయ్యా నాకు" అంది,
ఫిర్యాదుగానే.