ఓనరు కమ్ డ్రైవరు

విరిగింది ముందు చక్రం, ఎడమది.
సందులోకి రానని ఆటో
సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దిగగానే దింపేసింది.
మురుక్కాలువ మీద పలక
మొన్నటిదాకా ఉండేది.
నేను మొన్నటి రోడ్డు మీదే వస్తున్నాను.

పడటం పెద్ద సంగతి కాదు.
చేరిన నలుగురూ నన్నే లేపబోయారు.
"ముందు దాన్ని లేపండయ్యా,
నా దెబ్బయితే మానుతుంది,
దానిది మానదు" అన్నాను.
పునుగుల బండి పెద్దాయన నవ్వాడు.
నేను నవ్వించడానికి అనలేదు.

నిజానికి అది నిన్న విరగలేదు.
బుడమేరు ఇంట్లోకొచ్చిన రోజు
"మనుషుల్నేనమ్మా, సామాను వద్దు"
అన్నారు పడవ కుర్రాళ్ళు.
సువార్తమ్మ కొడుకు వీపు మీద నుంచి
వెనక్కి తిరిగి చూస్తే
హాల్లో నీళ్ళ మీద కుషను ఒక్కటే తేలుతోంది.
వారం పైనే మునిగింది.
ఊళ్ళో నీళ్ళు తీశాయి గానీ
బేరింగుల్లో వాగు మిగిలిపోయింది.
మలుపు మలుపుకీ కిర్రుమని అదే.

నష్టం రాసుకోవడానికొచ్చిన పిల్లాడు
టీవీయా, ఫ్రిజ్జా, బండా అని అడిగాడు.
కుర్చీ, అన్నాను.
"ప్లాస్టిక్‌దా, చెక్కదా?"
వాడి తప్పేం లేదు.
మోకాళ్ళదాకా బురద, అప్పటికి మూడో వీధి.
ఫర్నిచర్ కింద రాసుకుని వెళ్ళాడు.

కంపెనీకి ఫోను చేస్తే చెన్నై ఎత్తింది.
ఒక్క చక్రం ఇవ్వరట, జత కొనాలట.
ఐదు వేల రెండొందలు, జీఎస్టీ కాక.
ఇరవై రోజులు.
"అప్పటిదాకా వాడకండి మేడమ్"
అందా అమ్మాయి, ఎంతో మర్యాదగా.
వాడకుండా మేడమ్ ఎక్కడుండాలో చెప్పలేదు.

గవర్నరుపేటలో మందుల హోల్‌సేలులో
లెక్కలు రాస్తాను నేను.
ఇరవై ఏడు రూపాయలు తేడా వస్తే
షట్టరు సగం దించాక కూడా కూర్చుంటాను.
నా లెక్క మాత్రం ఏ నెలా కలవదు.
షేరాటోలో అందరికీ ఇరవై.
నాకు ఆటో మొత్తం, నూటయాభై.
కుర్చీ మడిచి వెనక కట్టినందుకు ముప్పై.
వానొస్తే వాడి నోటికొచ్చినంత.
లిఫ్టు ఆగిన రోజు
నన్ను పైకి మోసే వాచ్‌మన్‌కి టీ డబ్బులు.
అతను వద్దంటాడు. నేనే ఊరుకోను.
ఊరుకుంటే రేపు అడగడానికి నోరు రాదు.
ఈ పద్దు ఏ ఖాతాలో వెయ్యాలో
టాలీ నేర్పిన సారుకీ తెలీదు.

"ఆటోనగర్ తీసుకుపో,
లారీల్నే నిలబెడతారు వాళ్ళు" అంది సువార్తమ్మ.

పది చక్రాల లారీ కింద నుంచి
ముందు రెండు కాళ్ళొచ్చాయి,
తర్వాత బాజీ.
నా వైపు చూడలేదు.
గొంతుక్కూర్చుని చక్రాన్ని వేలితో తిప్పి
చెవి దగ్గర పెట్టుకున్నాడు,
ఏ డాక్టరూ నా మాట విననంత సేపు.
"నీళ్ళు తాగిందమ్మా ఇది."

ఊడదీసి పక్కన పడేసిన లారీ సీటు మీద
నన్ను కూర్చోబెట్టారు.
డ్రైవరు సీటు. వెడల్పుగా, గ్రీజు వాసనతో.
ఎదురుగా రోడ్డు లేదు,
టైర్ల గుట్ట, గుట్ట మీద మేక.
కళ్ళు మూసుకోమన్నాడు.
మూసుకున్నా రెప్పల్లోంచి వెలుగు కనిపిస్తూనే ఉంది.

సామాన్ల ట్రాలీ చక్రం వేశాడు.
కుడిది బూడిద రంగు, ఎడమది ఎరుపు.
ఎత్తు తేడాకి వాషరు పెట్టాడు,
ఇంకా ఓ నూలు మిగిలింది.

బిల్లు పుస్తకం తీశాడు.
బండి నంబరు?
లేదన్నాను. గీత పెట్టాడు.
ఓనరు?
పసుపులేటి ఇందుమతి.
డ్రైవరు?
పెన్ను ఆపి, అప్పుడు చూశాడు నన్ను.
"అదీ నేనే."
రాశాడు.
నాలుగొందల యాభై.
యాభై వదిలెయ్యబోయాడు.
లారీవాళ్ళకి వదుల్తావా అంటే
ఒక్కడికీ వదలనన్నాడు.
మొత్తం ఇచ్చాను.

ఇప్పుడది తిన్నగా పోదు.
ఎడమకి లాగుతుంది.
ఎడమ చేత్తో పిసరు ఎక్కువ తొయ్యాలి.
పలక ఇంకా వెయ్యలేదు.
ఎవరూ పడకుండా కాలువలో గుర్తుగా
విరిగిన కుర్చీ ఒకటి
తలకిందులుగా నిలబెట్టారెవరో.
ప్లాస్టిక్‌దే.