ముప్పై ఏడు

దారం ముందు మెత్తబడాలి.
యాభై డిగ్రీల నీళ్లలో ముంచి
రెండింతలయ్యేదాకా లాగుతాను.
పట్టు సడలకుండానే మంచులో పెడతాను.
ఇక వదిలేసినా అలాగే ఉంటుంది,
మాస్టారు చూస్తున్నంతసేపూ
చేతులు కట్టుకున్న పిల్లాడిలా.

అప్పుడు వదులుగా ఒక ముడి.
ముప్పై ఏడు డిగ్రీలు తగిలితే
తన పాత పొడవు గుర్తొచ్చి
ముడిని తనే బిగించుకోవాలి.
డాక్టరు వేళ్లు పట్టని ఇరుకుల్లో
పేగు మీద, పసిగుండె పక్కన, దీని పని.
చీరాలలో మా పెదనాన్న తెగిన పోగును
ఉమ్మితో తడిపి ముడేసేవాడు.
ఆ ముడి ఎక్కడుందో చీర కట్టుకున్నవాళ్లకు తెలిసేది కాదు.

కణాలు ఒప్పుకోవాలి, అది వేరే సంగతి.
దారం నానిన నీళ్లు ఎలుక కణాల మీద పోసి
ఒక రోజు ఆగుతాం.
మర్నాడు పసుపు మందు వేస్తే
బతికున్నవే ఊదా రంగు తిరుగుతాయి.
నాలుగుసార్లు పసుపు పసుపుగానే మిగిలింది.
ఎంత కడిగినా ద్రావకం ఎక్కడో దాక్కునేది.
ఐదోసారి, నేరేడుపళ్లు తిన్న నాలుకలా
పళ్లెం నిండా ఊదా.
బిన్సీ ఫొటో తీసి వాళ్లాయనకు పంపింది.
"ఏం జ్యూసు?" అని అడిగాడట.

ఆగస్టులో వంద ముళ్లు
షార్జా నుంచి అబూధాబీ ఆసుపత్రికి బయల్దేరాయి.
సాయంత్రానికి అదే వ్యానులో తిరిగొచ్చాయి.
"ఏసీ కరాబైంది మేడం. ట్రాఫిక్‌ల ఇరుక్కున్న.
నా తువ్వాల తడిపి బాక్సు మీద కప్పిన."
మూత తీశాను.
ముళ్లు బిగిసిపోయి ఉన్నాయి,
మధ్యలో ఏ గాయమూ లేకుండా.

ఒంటి వేడికి మేలుకునే దారాన్ని
ఒంటికన్నా వేడి ఊళ్లో ఎలా తిప్పుతారని
ఆరు నెలల మీటింగుల్లో ఎవరమూ అడగలేదు.
మీటింగు గదిలో నేను స్వెట్టరు వేసుకునేదాన్ని.

పోశన్న చొక్కా మీద ఉప్పు చారలు.
అదే వ్యానులో, అంతసేపూ, అతనూ ఉన్నాడు.
నేను మొదట థర్మామీటరు పెట్టింది బాక్సుకి.
అతనికి నీళ్లిచ్చింది బిన్సీ.
గ్లాసు కింద పెట్టి అడిగాడు:
"ఎన్ని నెల్ల జీతం కోస్తరు మేడం?"

రాత్రి పొద్దుపోయేదాకా ఒక్కొక్క ముడినీ కొలిచాను.
తొంభై ఎనిమిది తమ పొడవుకు తాము వచ్చేశాయి.
రెండు మాత్రం వదులుగానే ఉన్నాయి,
బాక్సులో ఒక మూల.
రిపోర్టులో రాశాను:
రవాణా పరీక్ష. ముందుగా అనుకున్నది కాదు.
నలభై తొమ్మిది డిగ్రీలు, యాభై నిమిషాలు.
నిర్వహించినవారు: గుండేటి పోశన్న.

డాక్టర్ హెస్సా చదివింది.
కళ్లద్దాలు తీసింది, తుడిచింది, పెట్టుకుంది.
ఆ రెండు ముళ్లు ఏ మూల దొరికాయో అడిగింది.
తర్వాత, సంతకం పెట్టకుండానే కాగితం వెనక్కి తోసి
"తడి తువ్వాలు సంగతి రాయలేదేం?" అంది.