ఎనభై ఎనిమిదో లైను

పాలకొల్లులో సైకిలు షాపు మీద మేడగది.
కింద నీళ్ళతొట్టిలో ముంచిన ట్యూబు
బుడగలు వదులుతోంది.
పైన నేను నీటి వంతుల యాప్‌కి
కంట్రోలర్ రాస్తున్నాను.

దాళ్వా వరి పొట్ట మీదుంది.
వంతు ఒక్కటి తప్పితే
శివారు చేలు నెర్రెలు విచ్చుతాయి.
అందుకని తొందర.
అందుకని అన్నీ ఒక్కచోటే కుక్కేశాను:
ఎకరాల లెక్క, తీరువా బాకీ,
రైతుకి మెసేజి, తప్పిన తేదీకి సర్దుబాటు,
రెండొందల పద్నాలుగు లైన్లు.
నడుస్తోంది కదా, అన్నాను.

సువార్త రివ్యూకి తీసుకుంది.
మూడు రోజులు మాట్లాడలేదు.
నాలుగో రోజు పదిహేడు కామెంట్లు.
మొదటిది: "ఇది లాకా, రైస్ మిల్లా?"
పదహారు చదివేసరికి ఒళ్ళు మండింది.
పదిహేడోది, ఎనభై ఎనిమిదో లైను కింద:
"నా ఐడీతో లాగినై
మీ పెదమామ మంగళవారం వంతుని
శుక్రవారానికి జరిపాను.
నన్నెవరూ ఆపలేదు."

టెస్టు డేటాయే. అయినా
చెవుల్లో పార చప్పుడు.
అర్ధరాత్రి బోదె గట్టు మీద
టార్చిలైటుతో ఒకడూ, పారతో ఒకడూ
ఎదురుపడితే ఏమవుతుందో
ఈ కాలువ నీళ్ళు తాగినవాడికి
వేరే చెప్పాలా?

సాయంత్రం లాకుల దగ్గరికి పోయాను.
లస్కరు ఏసుపాదం గేటు చక్రం పక్కన కూచుని
జంతిక నములుతున్నాడు.
ఎవరి చేలో ఎన్ని బస్తాలో ఆయనకి పట్టదు.
బాకీల సంగతి సొసైటీ గుమాస్తా చూసుకుంటాడు.
ఎవరో కుర్రాడు స్కూటరు దిగకుండానే
"బాబాయ్, మా తూము ఓ జానెడు లేపవా" అన్నాడు.
ఆయన చెయ్యి చక్రం మీదకి పోలేదు.
"ఎవరి తాలూకు?"
కుర్రాడు పేరు చెప్పాడు.
మేకుకి వేలాడే చిట్టా తిప్పి చూశాడు.
"మీది ఎల్లుండి."
అంతే. మళ్ళీ జంతిక.

ఆ రాత్రి ఒక్కొక్కటే తీసేశాను.
లెక్కని లెక్కల చోటికి,
మెసేజిని దాని దారిన.
తీస్తున్నకొద్దీ నా తెలివే
బయటికి పోతున్నట్టుంది.
మొదటి లైనులో అడిగాను, ఎవరి తాలూకు అని.
రెండో లైనులో చిట్టా.
ఆపైన ఎటు పంపాలో అటు.
పందొమ్మిది లైన్లు మిగిలాయి.
చదువుకుంటే నాకే చిన్నతనం,
ఏ పనీ చెయ్యకుండా జీతం తీసుకున్నట్టు.

పొద్దున్నే పెసరట్టు పొట్లం విప్పుతూ
సువార్త ఎడమచేత్తో
స్క్రీను పైకి జరిపింది, కిందికి జరిపింది.
నవ్విందో, అల్లం కారమో తెలీలేదు.
ఒక్క కామెంటే పెట్టింది:
"తూము తెరవడం రాశావు.
మూసేదెవరు?"

కింద షాపులో
అతుకేసిన ట్యూబుని మళ్ళీ తొట్టిలో ముంచి
వంగి చూస్తున్నాడు కుర్రాడు,
ఎక్కడైనా ఒక్క బుడగ వస్తుందేమోనని.