ఐసు

రెండో షిఫ్టు దిగి కూర్మన్నపాలెం బస్సులో
మూడో యాప్ దించుకున్నాను.
మొదటిది ఉచితమంది.
ఏటేటా కట్టాల్సిన రుసుము మాత్రం
చివరి పేజీలో, చీమ తలంత అక్షరాల్లో.
రెండోది, సరిగ్గా తొమ్మిదీ పదిహేనుకి,
కొనాలనుకున్న వేలు కింద
గిర్రున తిరుగుతూ ఉండిపోయింది.

డాబా గార్డెన్స్ ఆఫీసులో
టై కట్టుకున్న కుర్రాడు కాఫీ ఇచ్చి
"మీకెందుకు సార్, ఏం కొనాలో మేం చెప్తాం" అన్నాడు.
ఆ మాటకే లేచొచ్చేశాను.
కాఫీ మాత్రం బాగుంది.

ఆదివారం ఫిషింగ్ హార్బర్లో
వంజరం బేరమాడుతూ నూకరత్నాన్ని అడిగాను.
ముప్పై ఏళ్లుగా వేలం పాడే మనిషి.
మూడు కేకల్లో ధర
ఎక్కడం, జారడం చూసిన కళ్లు.
తడి చేతులు, ఫోను పట్టుకోలేదు.
"వందకెంత కోత్తాడు?"
చెప్పాను.
"నువ్వు నష్టపోయిన్రోజు కూడానా?"
ఆ రోజు కూడా.
"అయితే ఆడు ఐసోడు బాబూ.
సేప అమ్ముడైనా కుళ్లినా
ఐసు డబ్బులు ఐసోడివే.
గడ్డ గట్టిదో కాదో సూసుకో, సాలు.
ఏ సేప కొనాలో
ఐసోణ్ణి అడక్కు."

రాత్రి మళ్లీ మూడో యాపే తెరిచాను.
ఈసారి రుసుముల పేజీ నుంచి మొదలెట్టి
వెనక్కి చదివాను.
వేలితో గీసిన సంతకం వంకరగా వచ్చింది.
నామినీ పేరు దగ్గర
చాలాసేపు ఆగాను.
చివర వేలిముద్ర అడిగితే పెట్టాను.
గుర్తుపట్టలేదు.
చేపల చెయ్యి.
సబ్బుతో కడుక్కుని
మళ్లీ పెట్టాను.