ఉసిళ్ళ మంచు

మిల్డూరాలో డిసెంబరు ఇరవై మూడు.
పొద్దుగూకినా నలభై డిగ్రీలు దిగనంటోంది.
నది ఒడ్డు పార్కులో తెర కట్టాం,
నేనూ, కౌన్సిల్ మనిషి కెల్విన్.
ఏటా అదే సినిమా:
రైలు తప్పిన తండ్రి, మంచులో కూరుకుపోయిన ఊరు,
ఆఖర్న గంటలు.
ముందు వరసలో చొక్కాల్లేని పిల్లలు
పుల్ల ఐసు చీకుతూ
తెరమీద వాళ్ళ వణుకు చూసి ఒకటే నవ్వు.

మధ్యాహ్నం నాలుగు చినుకులు రాలాయి కదా,
నేల విడిచి ఉసిళ్ళు లేచాయి.
మా కావలిలో అయితే దీపం కింద
పళ్ళెంలో నీళ్ళు పెట్టి పట్టేవాళ్ళం.
ఇక్కడ ప్రొజెక్టరు వెలుగంతా వాటిదే.

తండ్రి తలుపు తట్టబోతుండగా
బొమ్మ ఆగింది.
దీపం ఆరలేదు.
తెల్లటి గుడ్డ, దాని ముందు రెక్కలు.
కెల్విన్ తిట్టుకుంటూ వైర్లు కెలుకుతున్నాడు,
నేను అట్టముక్కతో
జ్వరమొచ్చిన పిల్లకి విసిరినట్టు
యంత్రానికి విసురుతున్నాను.

"ఉండనీ అబ్బాయ్" అంది ఐరీన్ మడతకుర్చీలోంచి.
ఎనభై ఏడేళ్ళామె,
డర్హమ్ బొగ్గుగనుల ఊరినుంచి ఓడెక్కి వచ్చింది.
"మా వీధిలో ఇలాగే పడేది.
తొందరేం లేకుండా."

తర్వాత పాడింది.
రెండో చరణం గుర్తురాక
మొదటిదే మళ్ళీ పాడింది.
ఈసారి పిల్లలు నవ్వలేదు.
ఒకడు వెలుగులోకి వెళ్ళి నాలుక చాపాడు,
వెంటనే థూ అని ఉమ్మేశాడు.

తండ్రి ఇల్లు చేరాడా అని
ఈ ఏడు ఎవరూ అడగలేదు.

పొద్దున్నే కుర్చీలు మడుస్తుంటే
గడ్డినిండా రాలిన రెక్కలు.
అంతా ఊడ్చాను.
ఐరీన్ కూర్చున్న చోట మాత్రం
చీపురు ఎందుకో ఎత్తి పట్టుకున్నాను.