ఏ ఆఫీసుకి ఏ తల

పోయిన మాఘంలో ఇజీనగరం ఆఫీసరమ్మ ఓ మాటన్నాది.
తిట్టలేదు, నవ్వుతానే అన్నాది:
"ఈసారొచ్చినప్పుడు కాస్త కుర్రోళ్లని తీసుకురండి."

కుర్రోళ్లెక్కడున్నారు తల్లీ,
తప్పెటగుళ్లకి మిగిలినోలం తొమ్మిదిమందిమి,
అందరి నోళ్లూ కలిపి లెక్కేత్తే
ఒకడికి సరిపడా పళ్లు తక్కువ.

అందుకే, దోమల మీద ఆడాలని పిలుపొచ్చిన ముందురోజు
సీపురుపిల్లి సంతలో దాలయ్య
తొమ్మిది రంగు పొట్లాలు కొన్నాడు.
పొట్లం మీద ఒక బొమ్మ నవ్వుతన్నాడు,
ఇరవయ్యేళ్లుంటాయేమో,
ఆడికి రంగెందుకో నాకు తెల్దు.

పైడయ్య గొర్రెల సాల ముందు వరసగా కూకున్నాం,
మెడకి తువ్వాళ్లు, మోకాళ్ల మీద సేతులు,
బొచ్చు కత్తిరించడానికి పట్టుకొచ్చిన పొట్టేళ్లలాగ.

జోగులు పెళ్లాం వరాలమ్మ
కొబ్బరిసిప్పలో రంగు కలిపి
పాత పళ్లబ్రెష్షుతో ఒక్కో తలా దున్నుకుంటా వచ్చినాది.
"కదలకు బావా, సెవి నల్లబడిపోద్ది."
కదిలినాను. నల్లబడిపోయింది.
మీసానికి రాసినప్పుడు ఊపిరి బిగబట్టినాను,
ఆ ఘాటుకి కళ్లంట నీళ్లు.
కూర్మయ్య గుండెల మీద బొచ్చుక్కూడా ఎయ్యమన్నాడు.
"తప్పెట కింద ఎవుడు సూత్తాడ్రా?"
"నాను సూత్తాను కదేటి" అన్నాడు.

అరగంట అలాగే ఎండలో.
ఒకడి మొకం ఒకడు సూడలేదు.
గొర్రెలు మాత్రం వాసనకి తుమ్మినాయి.

కడుక్కుని అద్దంలో సూసుకుంటే
మా అన్న.
ముప్పయ్యేళ్ల కిందట, కళ్లాల రోజుల్లో, జొరంతో పోయినోడు,
నల్లజుత్తుతోనే పోయినోడు.
ఎప్పుడొచ్చినావన్నా అని నోటిదాకా వచ్చింది.
ఎనకనించి జోగులు
"జరుగు, నాను సూసుకోవాల" అన్నాడు.

మర్నాడు ఇజీనగరం, మిట్టమద్దేనం.
రెండో పాటకే సెమట నల్లగా దిగింది.
బోరుకి కరెంటు పోయి తల సరిగ్గా కడుక్కోలేదు మరి.
తెల్ల బనీన్ల మీద సారలు,
తప్పెట మీద మా ఏలిముద్రలు.
దోమ కాటు గురించి పాడతన్నాం,
ముందు కూకున్న గుంటలు మా మెడలు సూసి నవ్వుతన్నారు.
అయినా ఎగిరినాం, అడుగు తప్పలేదు.
కుర్రోళ్లని తెమ్మన్న ఆఫీసరమ్మ కోసం ఎతికితే
ఆవిడికి బదిలీ అయిపోయిందంట.
కొత్తాయన కణతలకాడ తెల్లగుంది,
ఫోన్లో ఏదో సూసుకుంటన్నాడు.

ఆ తరవాత ఇరవై రోజులకి
ముసలి కళాకారుల పింఛనుకి రమ్మన్నారు.
గుమస్తా కాయితం సూసినాడు, నన్ను సూసినాడు,
మళ్లీ కాయితం సూసినాడు.
"అరవయ్యా నీకు?"
ఆధారు కార్డు తీసినాను.
మేం తొమ్మిదిమందిమీ జనవరి ఒకటినే పుట్టినామని ఉంటాదందులో,
అది సూసి ఆయనకి ఇంకా అనుమానమొచ్చింది.
తల వంచి, పాయ తీసి సూపించినాను:
మొదట్లో బియ్యపుగింజ పొడుగున తెలుపు.
ఆయన కళ్లజోడు పైకెత్తి వంగినాడు,
సిన్నప్పుడు మాయమ్మ పేలు సూసినట్టు.
"ఇది సాలదు. వచ్చే నెల రా."

అప్పట్నించి రోజూ పొద్దున్నే
సేను సూసుకున్నట్టు తల సూసుకుంటన్నాను.
వానల్లేవు. నువ్వు మొక్క లేవలేదు.
ఇదొక్కటే బాగా మొలుత్తంది.

నిన్న కబురొచ్చింది,
ఎల్లుండి సాలూర్లో ఆటంట, మనిసికి ఆరొందలంట.
సాల ముందు వరస కట్టేసినారు అందరూ.
వరాలమ్మ పొట్లం సివర పళ్లతో పట్టుకుని ఆగింది.
"నీకేటి సెయ్యమంటావు బావా,
సింపనా, ఒగ్గేయనా?"

తువ్వాలు మెడకి సుట్టుకునే ఉన్నాను.
ఇంకా సెప్పలేదు.