పొలుసు

పందొమ్మిదేళ్ళుగా యాసిడ్‌తోనే నా ఉద్యోగం.
గాజువాక దాటాక, ఫ్యాక్టరీ నీళ్ళు పరీక్షించే గదిలో
బ్యూరెట్ కొళాయి సగం తిప్పి
ఒక్కో చుక్కా రాలడం చూస్తుంటాను.
గులాబీ రంగు మాయమయ్యే ఆ ఒక్క చుక్క దగ్గర
చెయ్యి ఆగాలి.
తొడుగుల్లేకుండా సీసా ముట్టుకుంటే
మా ఇన్‌ఛార్జి త్రినాథరావు ఇంటికి పంపేస్తాడు.

అలాంటి నేను
రాత్రి పదింటికి, కంచరపాలెం మేడమీది గదిలో
అద్దం ముందు కూర్చుని
గ్లైకాలిక్ యాసిడ్, ఏడు శాతం,
ఒట్టి చేత్తో మొహానికి రాసుకున్నాను.

యాసిడ్. మొహం.
ఈ రెండు మాటలూ పక్కపక్కన వింటే
ఏ ఆడదానికైనా ఒళ్ళు జలదరిస్తుంది.
మూత తిప్పేముందు నాక్కూడా.
తర్వాత అనుకున్నాను,
ఈసారి సీసా నా చేతిలో ఉంది కదా అని.

మంగు. రెండు బుగ్గల మీదా.
కాన్పు తర్వాత వచ్చి వాలింది, మళ్ళీ ఎగరలేదు.
ఎడమవైపు కాస్త ముదురు.
కంపెనీ బస్సులో నాది ఎడమ కిటికీ,
పొద్దుటెండదీ అదే కిటికీ.

డాక్టరమ్మ కాగితం మీద గీత గీసి మరీ చెప్పింది:
ముందు ఒకటే. ఆరు వారాలు.
చర్మం ఊరుకుంటే అప్పుడు రెటినాల్, బఠాణీ గింజంత.
రెండూ ఒకే రాత్రి వద్దు.
సన్‌స్క్రీన్ మానేస్తే అసలేవీ వద్దు.
తలూపాను. తలూపడంలో నాకెప్పుడూ ఫస్టు మార్కే.

ఆదివారం యాసిడ్.
సోమవారం రెటినాల్.
మంగళవారం మనసాగక రెండూ.
బఠాణీ గింజంత కాదు, రేగుపండంత.

గురువారానికి మొహం
పెనం మీద మరిచిపోయిన అప్పడం.
ముక్కు పక్కనా గడ్డం కిందా తెల్లగా లేచింది.
నవ్వితే చిరుగుతుందేమోనని నవ్వలేదు.
బీచ్‌రోడ్డులో స్కూటీ ఆపితే
ఉప్పుగాలి వేలు పెట్టి మరీ చూపించింది,
ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇక్కడ కూడా.

ఫిషింగ్ హార్బరులో నూకాలత్త
పండుగప్పకి పొలుసు తీస్తోంది.
నన్ను చూసి కత్తి ఆపింది.
"ఏటే, మొకం పొలుసులు లెగిసిపోతంది?"
చెప్పాను, శాతాలతో సహా.
అంతా విని మళ్ళీ కత్తి అందుకుంది.
"ఇటు సూడు. తోక కాణ్ణించి తలకాయికి.
కత్తి ఏటవాలుగా. బరువెయ్యకూడదు.
పొలుసు దానంతటదే లెగుస్తాది.
తొందరపడి గీకినావనుకో, తోలొచ్చేస్తాది.
తోలూడిన సేపని ఎవులూ బేరం కూడా ఆడరు."
ఆమె మోచేతుల దాకా పొలుసులు
చమ్కీల్లా అంటుకుని ఉన్నాయి.
"అయినా, ఆ మచ్చలు నిన్నేటి సేసినాయే?"

జవాబు తోచలేదు.
అరకేజీ రొయ్యలు తీసుకుని వచ్చేశాను.

మూడు వారాలు ఏమీ రాయలేదు.
నీళ్ళు, వాసన లేని ఒక క్రీము, అంతే.
మళ్ళీ మొదలుపెట్టిన రాత్రి
కొళాయి సగమే తిప్పాలని గుర్తొచ్చింది.
రెండు నెలలు బుధవారం యాసిడ్ ఒక్కటే.
తర్వాత శనివారం రెటినాల్, నిజంగా బఠాణీయే.
మిగతా రాత్రులు ఊరికే ఉండటం.
అన్నిట్లోకీ కష్టం అదే,
చెయ్యి దానంతటదే అల్మరా తలుపు దాకా పోతుంది.

సన్‌స్క్రీన్ రెండు వేళ్ళ పొడుగున, ముసురు రోజు కూడా.
ల్యాబులో కొత్త కుర్రాళ్ళు
నాకు ఇడ్లీపిండి మేడమ్ అని పేరు పెట్టారు.
విననట్టు ఉంటాను. పేరు బాగానే ఉంది.

మంగు పోలేదు. పలచబడింది.
చుక్క పడ్డచోట గులాబీ మాయమవుతుంది,
ఫ్లాస్కు తిప్పితే తిరిగొస్తుంది,
మళ్ళీ ఒక చుక్క.
పందొమ్మిదేళ్ళుగా చూస్తున్నదే,
మొహం మీద చూసేసరికి కొత్తగా ఉంది.

బస్సులో ఇప్పుడు కుడివైపు కూర్చుంటున్నాను.
ఎన్‌ఏడీ దాటాక అటు కొండలుంటాయి.
వాన వెలిసిన పొద్దున వాటి మీద
తెల్లటి పొగ లేస్తుంది, నెమ్మదిగా,
ఎవరూ గీకకుండానే.